వెదురు పలకాలంటే ఊపిరి నిలవాలి

ఆడపిల్లకి సంగీతం నేర్పిద్దామనుకోగానే మనకి గుర్తొచ్చేవి ఏమిటి? గాత్రం, వీణ, కాస్త ధైర్యం చేస్తే వయొలిన్. ఇప్పుడు కీబోర్డు కూడా ఆ జాబితాలో చేరింది. ఫ్లూటు మాట ఎత్తితే మాత్రం ఇంట్లో ఒకరిద్దరైనా మొహం చిట్లిస్తారు. "అదెందుకే, ఊపిరంతా లాగేస్తుంది" అనో, "ఆడపిల్లకి అంత దమ్ము ఎక్కణ్ణించి వస్తుంది" అనో అంటారు. కృష్ణుడి చేతిలో ఉన్నంతసేపూ పిల్లనగ్రోవి అందరికీ ముద్దే. మన పిల్ల చేతికి వచ్చేసరికే చిక్కంతా వస్తుంది!

మా అమ్మాయి విషయంలో ఈ మాటలన్నీ మేం విన్నాం. దానికి పదకొండో ఏట ఫ్లూటు మీద మనసైంది. మొదట చేర్పించిన చోట ఏడాదిన్నర నేర్చుకుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయిపోయి గీతాల్లోకి వచ్చింది. వేళ్ళు చకచకా ఆడేవి. నాదం దగ్గరే వచ్చింది తంటా. కుక్కరు మీద వెయిటు సరిగ్గా కూర్చోకపోతే పక్కనించి ఆవిరి బుస్సుమంటూ పోతుంది చూడండి, అలా ముందు గాలి చప్పుడు వినబడేది, దాని వెనకాల ఎక్కడో స్వరం. నాలుగు స్వరాలు ఊదేసరికి ఊపిరి అయిపోయేది. తార స్థాయికి వెళితే కీచుమనేది. ఒకరోజు నేర్పేవారు నన్ను పిలిచి, "ఈ పిల్లకి ఊపిరి చాలదండీ, వీణకి మార్చేయండి" అన్నారు. పిల్ల ఎదురుగానే.

ఫ్లూటు గుడ్డసంచిలోకి వెళ్ళింది, సంచి బీరువా పైకి వెళ్ళింది. నెలన్నర అక్కడే ఉంది. అది ఏడవలేదు, అలగలేదు. అలిగినా బాగుండేదనిపించింది నాకు. ఒక సాయంత్రం ఫోన్లో స్నేహితురాలితో "నాకు ఊపిరి తక్కువటే" అంటోంది, 'నాకు కళ్ళజోడు పడిందే' అన్నంత మామూలుగా. పదమూడేళ్ళకే తన ఒంట్లో ఏదో తక్కువుందని నమ్మేసింది. ఈ నమ్మకం ఒక్క ఫ్లూటుతో ఆగుతుందా? రేపు పరుగు పందెం అన్నా, ఈత అన్నా, నలుగురిలో నిలబడి మాట్లాడమన్నా అదే మాట అడ్డు పెట్టుకోదూ!

కథలు రాసే అలవాటు ఉన్నదాన్ని కదా, ఒక మాట చెవిలో పడితే దాని సంగతేమిటో తేలేదాకా ఊరుకోలేను. అసలు 'ఊపిరి చాలకపోవడం' అంటే ఏమిటి? ముందు మా డాక్టరుగారికి చూపించాను. స్టెతస్కోపు పెట్టి విని, ఊదించి చూసి, "ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి, నన్నెందుకు అడుగుతారు, సంగీతం మాస్టారిని అడగండి" అని నవ్వేశారు. అలా మా రెండో వీధిలో ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. వయసులో ఉన్నప్పుడు నాట్య ప్రదర్శనలకి ఫ్లూటు వాయించేవారట. ఇప్పుడు ఇంటి వరండాలోనే నలుగురైదుగురు పిల్లలకి చెబుతున్నారు. ఆ వరండాలో చాప మీద కూర్చుని నేను విన్నవీ, చూసినవీ, తర్వాత పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నవీ మీకు చెబుదామని ఇదంతా.

ఎంత గాలి కాదు, ఎలాంటి గాలి

ఊపిరి చాలదనే మాట వినగానే మాస్టారు, "ఏడేళ్ళ పిల్లవాడి ఊపిరితిత్తులు ఎంతుంటాయమ్మా?" అని అడిగారు. 'మాలి' అని అందరూ పిలుచుకునే టి.ఆర్. మహాలింగంగారి సంగతి చెప్పడానికి అది నాంది. ఆయన 1926లో పుట్టారు. 1933లో, ఏడో ఏట, మద్రాసు మైలాపూరు త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసి పెద్ద పెద్ద విద్వాంసుల్ని నివ్వెరపోయేట్టు చేశారు. వేణువు మీద గాత్రంలోని గమకాలన్నీ పలికించవచ్చని చూపించిన మనిషి. పెద్దవాళ్ళ ఊపిరిలో సగం కూడా లేని వయసులో మొదలుపెట్టారాయన. ఇక ఆడవాళ్ళ మాట అంటారా? తమిళనాడులో సిక్కిల్ సోదరీమణులు కుంజుమణి, నీల దశాబ్దాల తరబడి జంటగా వేణువు కచేరీలు చేశారు. 2002లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 2004లో పద్మశ్రీ అందుకున్నారు. నీలగారి అమ్మాయి మాలా చంద్రశేఖర్ కూడా వేణు విద్వాంసురాలే. వాళ్ళందరికీ దమ్ము ఎక్కణ్ణించి వచ్చిందట మరి?

లెక్కలోకి వెళితే మనం ఊరికే కూర్చుని ఉన్నప్పుడు ఒక్కో శ్వాసకి లోపలికి వెళ్ళే గాలి సుమారు అర లీటరు. నిండా పీల్చి, మొత్తం ఖాళీ అయ్యేదాకా వదిలితే పెద్దవయసు స్త్రీకి దాదాపు మూడు లీటర్ల దాకా వస్తుంది. అంటే రోజూ వాడుకునేదానికి ఆరింతలు మనదగ్గర నిలవ ఉందన్నమాట. చాలకపోవడమనే సమస్య చాలామందికి లేనే లేదు. దాన్ని ఎంత పొదుపుగా, ఎంత సమంగా బయటికి పంపుతామన్నదే లెక్క. జీతమెంతన్నది కాదు, నెలాఖరుదాకా ఎలా సర్దుతామన్నది కదా మన ఇళ్ళల్లో కూడా!

వేణువుకి ఈ సర్దుబాటు మిగతా వాద్యాలకన్నా ఎక్కువ కావాలి. సన్నాయికి, నాదస్వరానికి నోట్లో పెట్టుకునే పీక ఉంటుంది. ఆ సన్నటి సందు గాలిని తనే కొంత అడ్డుకుంటుంది. వేణువులో అలాంటి అడ్డేమీ లేదు. రంధ్రం నోటి బయటే ఉంటుంది. పెదవుల మధ్యనించి వచ్చిన గాలి రేకు ఆ రంధ్రం మీదుగా వెళ్ళి అవతలి అంచుకి తగులుతుంది. తగిలి, ఒకసారి వెదురు లోపలికి, ఒకసారి బయటికి, సెకనుకి కొన్ని వందలసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకి లోపలున్న గాలి స్తంభం కంపిస్తేనే నాదం. గాలి రేకు అంచుకి సూటిగా తగలకపోయినా, మరీ వెడల్పుగా వచ్చినా కొంతే నాదమవుతుంది, మిగతాది బుస. మా అమ్మాయి ఫ్లూటులోంచి వచ్చిన కుక్కరు చప్పుడు అదే.

వాద్యం అడ్డుకోదు కనక గాలిని నిలిపి, మెల్లమెల్లగా వదిలే పని మన ఒంటిదే. దాన్నే మాస్టారు 'ఊత' అనేవారు. బావిలో చేద వేయడం ఎరిగినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. తాడు ఒక్కసారి వదిలేస్తే చేద దభీమని నీళ్ళల్లో పడుతుంది. రెండు చేతుల మధ్య తాడు బిగువు చెడకుండా కొంచెం కొంచెంగా జారవిడుస్తాం. ఊపిరి కూడా అంతే. నిండా పీల్చిన మొదట్లో గాలి దానంతటదే బయటికి దూకాలని చూస్తుంది, అప్పుడు పట్టి ఉంచాలి. పక్కటెముకలు ఒక్కసారిగా కూలిపోకుండా విచ్చుకునే ఉండాలి. ఊపిరి తగ్గేకొద్దీ పొట్ట కండరాలు మెల్లిగా లోపలికి వచ్చి ఆ ఒత్తిడి పడిపోకుండా చూడాలి.

భుజాలు పీల్చే ఊపిరి

మొదటిరోజు మాస్టారు ఫ్లూటు సంచి విప్పనేలేదు. "ఏదీ, నిండా ఊపిరి పీల్చు తల్లీ" అన్నారు. అది పీల్చింది. భుజాలు చెవులదాకా లేచాయి, మెడ నరాలు తేలాయి, పొట్ట వెన్నుకి అంటుకుపోయింది. "చూశారా అమ్మా, ఊపిరి పీల్చమంటే భుజాలు పీలుస్తున్నాయి" అన్నారు నాతో.

మనలో చాలామందిమి ఇలాగే పీలుస్తాం, కావాలంటే అద్దం ముందు నిలబడి చూసుకోండి. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులాంటి ఒక కండరం ఉంటుంది. స్కూల్లో ఉదరవితానం అని చదువుకునే ఉంటారు. ఊపిరి పీల్చినప్పుడు ఆ గొడుగు కిందికి దిగి చదునవుతుంది, పైన ఊపిరితిత్తులు విప్పుకోవడానికి చోటు దొరుకుతుంది. కింద ఉన్న పేగులూ అవీ ఎక్కడికో అక్కడికి జరగాలి కనక పొట్ట ముందుకి, నడుం పక్కలకి ఉబ్బుతుంది. 'పొట్టతో ఊపిరి పీల్చు' అని సంగీతం మాస్టార్లు అనేది ఇందుకే. గాలి పొట్టలోకి పోతుందని కాదు సుమా. పొట్ట బిగబట్టుకుని కూర్చుంటే గొడుగు దిగడానికి జాగా ఉండదు. అప్పుడు పాపం భుజాలూ, మెడా ఆ పని నెత్తిన వేసుకుంటాయి. వచ్చే గాలి తక్కువ, పడే శ్రమ ఎక్కువ. పైగా మెడ బిగుసుకుంటే గొంతూ బిగుసుకుంటుంది. గొంతు బిగిస్తే వేణువు కూడా బిగుసుకున్నట్టే పలుకుతుంది.

మరి పదమూడేళ్ళ పిల్ల పొట్ట ఎందుకు బిగబట్టుకుంటుంది? అక్కడే అసలు కథ ఉంది. ఆ వయసు పిల్లలు ఎలా నడుస్తారో, ఎలా కూర్చుంటారో ఒకసారి కాస్త పరీక్షగా చూడండి. ఒంట్లో మార్పులు వచ్చేసరికి వాళ్ళంతట వాళ్ళే భుజాలు ముందుకి ముడిచేసుకుంటారు. పుస్తకాల సంచి ఎదకి హత్తుకుంటారు. దానికితోడు మన మాటలు. పెళ్ళిళ్ళలో ఫోటో తీసేటప్పుడు ఎవరో ఒక పిన్నిగారు "పొట్ట లోపలికి లాక్కోవే, లావుగా పడతావు" అంటుంది. "చున్నీ సరిచేసుకో", "గట్టిగా నవ్వకు", "ఆ నిలబడ్డమేమిటి". ఇవన్నీ విని విని, ఉతికిన చీర మడత పెట్టి అలమరలో పెట్టినట్టు, మా పిల్ల తన ఊపిరిని మడత పెట్టి దాచేసుకుంది. దాచుకున్న సంగతి దానికి తెలియదు. చదువులో, ఆటల్లో బయటపడలేదు. ఫ్లూటు మాత్రం పట్టిచ్చేసింది. వెదురుకి మొహమాటం లేదు కదా, ఉన్నది ఉన్నట్టు పలికేస్తుంది.

మాస్టారికి ఈ సంగతి మొదటి చూపులోనే అర్థమైందనుకుంటాను. కానీ డెబ్భై దాటిన మనిషి, పెరుగుతున్న ఆడపిల్లకి ఎలా చెబుతారు? "కూర్చునే తీరు మారాలమ్మా. మిగతాది తల్లిగా మీరు చెబితేనే బాగుంటుంది" అన్నారు తల పక్కకి తిప్పుకుని. ఆ రాత్రి మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలు ఇక్కడ రాయను గానీ, మర్నాడు బజారుకెళ్ళి దాని లోదుస్తులు సరైన సైజు చూసి కొన్నాం. చాలా ఇళ్ళల్లో పిల్లలకి ఇవి కొలత లేకుండా, 'ఉన్నది సరిపెట్టుకో' పద్ధతిలో వస్తాయి. పక్కటెముకల చుట్టూ ఉండే పట్టీలో రెండు వేళ్ళు సులువుగా దూరాలి. లేకపోతే ఊపిరికి అదే సంకెల. దుకాణంలో అమ్మే అమ్మాయికి "ఫ్లూటు వాయిస్తుంది, కాస్త వదులుగా ఇవ్వండి" అని చెబితే ఆమె ఎంత ఆశ్చర్యపోయిందో!

మన సంగతి కూడా చెప్పుకోవద్దూ? చీరకట్టులో లంగా బొందు ఎంత బిగించి కడతామో రాత్రి నడుం మీద పడిన గీతే చెబుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఉబ్బవలసిన చోటే సరిగ్గా ఆ ముడి ఉంటుంది. పాడేవాళ్ళయినా, ఊదేవాళ్ళయినా సాధన వేళకి ఆ ముడి ఒక అంగుళం వదులు చేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. సన్న తాడు బదులు వెడల్పాటి పట్టీ ఎక్కించుకుంటే ఇంకా హాయి.

పాట లేని మూడు వారాలు

మొదటి మూడు వారాలు మాస్టారు ఒక్క గీతం కూడా వాయించనివ్వలేదు. అది సణిగింది. "ఇదేం సంగీతం క్లాసమ్మా, ఎక్సర్‌సైజు క్లాసు" అంది. చేయించినవి మాత్రం ఎవరింట్లోనైనా, ఖర్చు లేకుండా చేసుకోగలిగినవే.

నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, బొడ్డు మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టుకోవాలి. ఊపిరి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, భుజాలు చాప మీంచి కదలకూడదు. పడుకున్నప్పుడు పొట్ట బిగబట్టడం కష్టం కనక శరీరం దారి తనే కనుక్కుంటుంది. (మా ఇంట్లో ఈ పనికి నా కథలు పడ్డ పాత దీపావళి ప్రత్యేక సంచికల బైండు ఉపయోగపడింది. అదీ ఒక ఉపయోగమే!) నాలుగైదు రోజులయ్యాక అదే ఊపిరిని కూర్చుని తెచ్చుకోవాలి. రెండు చేతులూ నడుం పక్కన, పక్కటెముకల కింద, బొటనవేళ్ళు వెనక్కి వచ్చేట్టు పెట్టుకుంటే వేళ్ళు విడిపోవడం తెలుస్తుంది. ముందుకే కాదు, పక్కలకీ, వెనక్కీ కూడా.

తర్వాత తాళం వేస్తూ వదలడం. రెండు అక్షరాల కాలంలో పీల్చి, ఒక ఆది తాళం ఆవర్తనం, అంటే ఎనిమిది అక్షరాలు, పళ్ళ మధ్యనించి 'స్‌స్‌స్' అని సన్నగా వదలాలి. మొదట్లో గట్టిగా, చివర్లో సన్నబడి కాకుండా మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున వినబడాలి. ఎనిమిది కుదిరాక పన్నెండు, తర్వాత రెండు ఆవర్తనాలు. లెక్క పెరగడం కన్నా సమంగా ఉండడం ముఖ్యం అనేవారాయన. పదహారు కోసం మెడ బిగించే పిల్లల్ని మళ్ళీ ఎనిమిదికి దింపేసేవారు.

ఇంకోటి కొవ్వొత్తి వెలిగించి జానెడు దూరంనించి ఊదడం. మంట ఆరకూడదు, ఒకవైపు వంగి అలాగే నిలవాలి. ఇది మా ఇంట్లో సాగలేదు. "దీపాన్ని నోటితో ఊదడమేమిటే, అపచారం!" అన్నారు అత్తయ్యగారు. నిజమే, ఆవిడ పెరిగిన పద్ధతి అది. మాస్టారికి చెబితే నవ్వి, "అయితే క్యాలెండరు కాగితం చింపండి" అన్నారు. రోజువారీ క్యాలెండరులో పోయిన తారీఖు కాగితాన్ని గోడకి ఆనించి, ఎదురుగా ఊదుతూ చెయ్యి తీసేయాలి. గాలి సమంగా తగిలినంతసేపూ కాగితం గోడకి అంటుకుని ఉంటుంది. గాలి తడబడిందా, జారిపోతుంది. నిజానికి కొవ్వొత్తి కన్నా ఇదే బాగుంది. పిల్లలకి ఆటలా ఉంటుంది. అత్తయ్యగారు కూడా ఒకరోజు ఎవరూ చూడలేదనుకుని ప్రయత్నించారు. వెనకటి రోజుల్లో ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది వచ్చిన ఊపిరి కాబోలు, కాగితం చాలాసేపే నిలబడింది.

ఊదుగొట్టం మాట వచ్చింది కనక చెబుతున్నాను. పొయ్యి ఊదేటప్పుడు మనం గట్టిగా ఒక్క ఊపు ఊదుతాం, ఆగుతాం, మళ్ళీ ఊదుతాం. కొత్తగా ఫ్లూటు పట్టినవాళ్ళు చేసేది అదే. వేణువుకి కావలసింది వేడి పాలు చల్లార్చడానికి గ్లాసు అంచున ఊదే ఊదు. సన్నగా, చల్లగా, ఆపకుండా.

నాలుగో వారంలో సంచి విప్పారు. అప్పుడు కూడా పాట లేదు. ఎడమచేతి మొదటి రెండు వేళ్ళు మూసి మధ్య స్థాయి షడ్జమం. అదొక్కటే, శ్రుతి పెట్టుకుని, ఒక్కో ఊపిరికి ఎనిమిది అక్షరాలు. సెల్‌ఫోన్లో శ్రుతిపెట్టె ఉంటుంది కనక ఇప్పుడు ఆ ఇబ్బంది కూడా లేదు. వినవలసింది స్వరం చివరి భాగాన్ని. ఊపిరి అడుగంటేకొద్దీ గాలి వేగం పడిపోతుంది, వేగం పడిపోతే స్వరం శ్రుతికి కిందికి జారుతుంది. ఊత ఉందా లేదా అన్నది ఆ చివరి రెండు అక్షరాల్లో బయటపడుతుంది. స్వరం జారకముందే ఆపేసి, కొత్త ఊపిరి తీసుకోమనేవారు. ఖాళీ అయ్యేదాకా పిండడం ఆయనకి గిట్టదు.

తార స్థాయి కీచుమనడానికి కూడా మందు ఇక్కడే దొరికింది. పై స్థాయికి వెళ్ళాలంటే ఇంకా బలంగా ఊదాలనుకుంటారు పిల్లలు. మొక్కలకి నీళ్ళు పెట్టే గొట్టం కొసన బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు దూరంగా ఎగజిమ్ముతాయి కదా, కుళాయి పెంచకుండానే! పెదవుల మధ్య సందు కొంచెం చిన్నది చేస్తే అదే గాలి వేగంగా వెళుతుంది, స్వరం పైకి లేస్తుంది. అయితే వెనక ఊత లేకుండా పెదవులు మాత్రం బిగిస్తే మళ్ళీ కీచే.

నాదం బాగుండకపోతే ప్రతిసారీ ఊపిరినే తప్పుపట్టక్కర్లేదు. ముందు వెదురు చూసుకోండి. ఎండకి వెంట్రుకవాసి బీట పడ్డా బుస వస్తుంది. వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయకపోయినా వస్తుంది. శ్రుతి తగ్గేకొద్దీ వేణువు పొడవూ లావూ పెరుగుతాయి, గాలీ ఎక్కువ తాగుతుంది. చిన్న చేతులకి చిన్న వేణువే కొనాలి. కింది పెదవి ఊదే రంధ్రాన్ని మూడో వంతు నుంచి సగం దాకా కప్పాలంటారు గానీ, పెదవుల తీరు మనిషికొక రకం. షడ్జమం ఊదుతూ వేణువుని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ తిప్పితే ఒకచోట నాదం ఒక్కసారి నిండుగా విచ్చుకుంటుంది. అదే ఎవరి చోటు వాళ్ళది.

కూర్చోవడం గురించి ఒక్క మాట. మన పద్ధతిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. నడుం కిందికి జారి వెన్ను వంగితే పొట్ట మడతపడుతుంది. ఒక చిన్న పీటో, నాలుగు మడతలు వేసిన దుప్పటో వేసుకుని కూర్చుంటే మోకాళ్ళు కిందికి దిగి వెన్ను తనంతట నిలబడుతుంది. మోచేతులు పక్కటెముకలకి అదిమి పెట్టుకోకూడదు.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలి

పాట మొదలయ్యాక మాస్టారు పట్టుపట్టింది దీని మీదే. గాలి అయిపోయినచోట కాదు, మాట అయినచోట ఊపిరి తీసుకోవాలి. మన కర్ణాటక సంగీతంలో వేణువు గాత్రాన్ని అనుసరిస్తుంది, కృతుల్లో చాలా భాగం తెలుగులోనే ఉన్నాయి. తెలుగు రానివాళ్ళు ఎంతో కష్టపడి, రాసుకుని నేర్చుకునే సంగతి మనకి పుట్టుకతో వచ్చింది, మాట ఎక్కడ విరగాలో మనకి తెలుసు. అయినా మన పిల్లలే మాట నడుమ ఊపిరి పీల్చి సాహిత్యాన్ని రెండు ముక్కలు చేస్తారు! అందుకని ఆయన ముందు కీర్తన చదివిస్తారు, అర్థం చెబుతారు, ఊపిరి తీసుకునే చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టిస్తారు. ఆ తర్వాతే ఊదడం. అక్కడ ముక్కుతో నింపాదిగా పీల్చే వ్యవధి ఉండదు కనక నోటి మూలల్లోంచి చప్పుడు లేకుండా చటుక్కున తీసుకోవాలి. పొట్ట వదులుగా ఉంటేనే అది సాధ్యం.

నలభైకి దగ్గరపడుతున్న నేను కూడా పిల్లతోపాటు ఆ పుస్తకం వ్యాయామం, కాగితం వ్యాయామం చేస్తున్నాను. ఫ్లూటు మీద రోజూ ఒక పావుగంట షడ్జమం పెడతాను. విద్వాంసురాలినైపోదామని కాదు, ఆ పావుగంటా మరో ఆలోచన రాదు, అదే లాభం. మీరు మొదలుపెడితే ఒక జాగ్రత్త. గబగబా లోతుగా ఊదితే మొదట్లో తల తిరుగుతుంది. ఒంట్లోంచి బొగ్గుపులుసు గాలి ఎక్కువగా బయటికి పోవడంవల్ల వచ్చేదే అది. వెంటనే ఆపి, మామూలుగా ఊపిరి పీలుస్తూ కాసేపు కూర్చోవాలి. పంతం పట్టకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, సిజేరియనో మరో కడుపు ఆపరేషనో ఈ మధ్యనే అయినవాళ్ళు డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. భోంచేసిన వెంటనే వద్దు, గొడుగు దిగే చోట అన్నం ఉంటుంది!

మా అమ్మాయి ఇప్పుడు ఏడో నెలలో ఉంది. బుస పూర్తిగా పోలేదు, సగానికి సగం తగ్గింది. ఒక్క ఊపిరికి రెండు ఆవర్తనాల షడ్జమం నిలుస్తోంది. మంద్ర పంచమం దగ్గర ఇంకా తంటాలు పడుతోంది. అక్కడ రంధ్రాలు ఎక్కువ మూయాలి, గాలి నెమ్మదిగా, విశాలంగా వెళ్ళాలి, అయినా బిగువు చెడకూడదు. వాళ్ళకి అన్నిటికన్నా కష్టమైన స్వరాలు అవేనట. "దానికి ఇంకో ఏడాది పడుతుంది, తొందరేముంది" అంటున్నారు మాస్టారు. పోయిన వారం దసరాకి కొత్త బట్టలు కుట్టించడానికి టైలరు దగ్గరికి వెళ్ళాం. ఎప్పుడూ నా వెనకాల నక్కి నిలబడేది. ఈసారి అదే ముందుకెళ్ళి, నిటారుగా నిలబడి కొలతలు ఇచ్చింది. టైలరమ్మ టేపు బిగిస్తుంటే, "ఆగండాంటీ" అని నిండా ఊపిరి పీల్చి, "ఇప్పుడు కొలవండి" అంది.